తులం రాయి

బాపట్లలో ఒక కంసాలి పెట్టెలో నేను చూసిన సంగతి రేపల్లెలోని ఒక దర్జీకి మూడేళ్లపాటు చెప్పలేదు.

ఆ దర్జీ గారి దగ్గర తండ్రి ఇచ్చిన పాత వెండి రూపాయి ఉండేది. తెనాలిలో నాణేలు సేకరించేవాళ్లలో నా మాటకు విలువుందని ఎవరో చెబితే తెచ్చి చూపించారు. అరుదైన రకం. మా సమావేశాల్లో అలాంటిది ఎదురైనప్పుడల్లా దాని మీది గీతలూ నొక్కులూ పుస్తకంలో రాసుకునేవాణ్ని. ఏళ్ల తరబడి చేతులు మారుతూ వచ్చినవి అవే ఏడు. కొత్తది కనబడలేదంటే మిగిలినవి కొద్దేనని లెక్క. తక్కినవన్నీ కరిగి కడియాలూ పట్టీలూ అయిపోయాయనుకున్నాను.

"పదికి మించి ఉండవు బాబాయ్ గారూ. తొందరపడి ఇచ్చేయకండి," అన్నాను.

ఆయన మోకాళ్లు అరిగాయి. దాన్ని అమ్మి, తొక్కుడు మిషన్ తీసేసి మోటారు మిషన్ కొనుక్కోవాలని ఆశ. ఆ ఏడాదే ఒకాయన మిషన్‌కు సరిపడా ఇస్తానని వస్తే, నా మాట మీద పంపించేశారు.

ఆ తర్వాత మా ఆవిడ బంగారు గాజు అతికించడానికి బాపట్ల వెళ్లాం. అలవాటు కొద్దీ కంసాలిని అడిగాను, పాత నాణేలేమైనా ఉన్నాయా అని.

"నాణేలా? మా దగ్గరెందుకుంటాయండి," అంటూనే చేతి త్రాసు తీసి, ఒక పళ్లెంలో బిళ్ల వేశాడు. అదే రకం రూపాయి.

"మరి ఇదేంటి?"

"తులం రాయి అండి. మా తాతల నాటిది. నాణెం అంటారేంటి!" నవ్వి పెట్టె ముందుకు తోశాడు. అలాంటివి ఇంకో నాలుగు. "కర్లపాలెంలో మా బావ దగ్గర ఇంకా ఉన్నాయండి."

పాత రూపాయి బరువు సరిగ్గా తులం. అందుకే కరిగించకుండా తూకానికి ఉంచుకున్నారు. ఇన్నేళ్లూ నేను నాణేల కోసమే అడిగాను, తూకం రాళ్ల కోసం అడగలేదు.

ఇన్ని ఉన్నాయంటే దర్జీ గారి రూపాయికి వెండి ధర మీద పెద్దగా రాదు. అయినా నోరు విప్పలేకపోయాను. "పదేనట, సారే చెప్పారు" అని తెనాలిలో అందరూ అంటుంటే తలూపుతూ కూర్చునేవాణ్ని. రేపల్లె నుంచి దర్జీ గారి ఫోన్ వస్తే ఇంకా కష్టం.

"సార్, మన రూపాయి ఎదుగుతోందా? దానికన్నా ముందు నా మోకాళ్లు పోయేలా ఉన్నాయి!"

"ఎదుగుతుందండి," అనేవాణ్ని. అలా అన్నకొద్దీ నిజం చెప్పే దారి మూసుకుపోయేది. చివరికి ఆయన పేరు కనబడితే ఫోన్ మోగి ఆగేదాకా పెరట్లో నిలబడేవాణ్ని.

మొన్న వేసవిలో ఆయన భార్య ఫోన్ చేశారు. "కొట్టు మూసేశారండి, తొక్కలేకపోతున్నారు. బేరం ఎప్పుడొస్తుందంటారు?"

మర్నాడు రేపల్లె రైలెక్కాను. మిషన్ మీద దుప్పటి కప్పి ఉంది. అంతా చెప్పాను.

"ఎప్పుడు చూశారు సార్?"

"మూడేళ్లయిందండి."

"లెక్క ఎవరికైనా తప్పుద్ది. నేనూ జాకెట్లు తప్పు కత్తిరించాను. కానీ ఆ రోజే చెప్పేవాణ్ని సార్."

"తెలిసి కూడా మూడేళ్లు మీ చేత ఈ మిషన్ తొక్కించాను బాబాయ్ గారూ. నన్ను క్షమించండి," అన్నాను.