కాటా కింద నిమ్మకాయ

బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, గేటు పక్క గదిలో నా ఉద్యోగం. లోడు ట్రాక్టరు కాటా ఎక్కుతుంది, తూకం కంప్యూటరులో పడుతుంది, గేటు తెరుచుకుంటుంది. ఇదంతా బెంగళూరులోని ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ చేతిలో ఉండేది. నా చేతిలో టీ గ్లాసు ఉండేది.

సీజనుకు ముందు మేనేజరు మీటింగు పెట్టాడు. ఏది చెడిపోతే ఏం చెయ్యాలో తేల్చాలట. కరెంటు పోతే జనరేటరు. నెట్ పోతే ఇంకో నెట్. కంప్యూటరు పోతే పక్కనే ఇంకోటి.

"ఆ కంపెనీయే పోతే, సార్?" అన్నాను.

"సీజను మొదట్లో ఆ మాటేందప్పా? నీ నోట్లో మంచి మాటే రాదా?"

మీటింగు అక్కడితో ముగిసింది. అశుభం పలికింది నేనే కాబట్టి పరిహారమూ నాచేతే చేయించారు. రెండు కంప్యూటర్లకూ పసుపు కుంకుమ పెట్టి, కాటా కింద నిమ్మకాయ పెట్టాను. పాత ఇనుప కాటాను అప్పటికే పాత సామాన్లకు వేసేశారు. దానికి ఏనాడూ నిమ్మకాయ అవసరం పడలేదు.

తోతాపురి మామిడి కోతలు ముమ్మరంగా ఉండగా ఒక పొద్దున తెర మీద ఒకే వాక్యం కనిపించింది: సేవలు నిలిపివేశాం. ఫోను చేస్తే ఎత్తేవాళ్లు లేరు. రెండు కంప్యూటర్లూ ఆ వాక్యాన్ని చక్కగా చూపించాయి. మేనేజరు జనరేటరు కూడా వేసి చూశాడు, పాపం. బయట తూయించుకొస్తామన్నారు రైతులు. కంప్యూటరులో పడని తూకం చెల్లదని హెడ్డాఫీసు ఒప్పుకోలేదు.

హైవే పొడుగునా ట్రాక్టర్లు నిలిచాయి. వాటిలో మా నాయనదీ ఉంది. ఆ ఏడు మా తోట కాపంతా ఆ ఒక్క ట్రాలీలోనే ఉంది.

"ఎప్పుడు తెరుస్తారురా?"

"ఇంకో కంపెనీతో మాట్లాడతా ఉండారు నాయనా."

"కాయతో ఎవురన్నా మాట్లాడినారా, ఆగమని?"

కాయ ఆగలేదు. మర్నాటికి ట్రాలీ సందుల్లోంచి రసం కారి తారు మీద ఎండింది. సాఫ్ట్‌వేర్ లేకుండానే గేటు బయట గుజ్జు తయారైపోయింది. ఈ జోకు నాయనకు చెప్పలేదు.

సాయంత్రం ట్రాక్టరు వెనక్కి తిప్పి, రోడ్డు పక్క గుంతలో అంతా కుమ్మరించాం. ఆవులు వచ్చాయి. వాటికి తూకం పట్టింపు లేదు. నాయన ట్రాలీ మూల తడిమి, గట్టిగా మిగిలిన కాయ ఒకటి తీసి నాకిచ్చాడు.

"తీసకపోయి ఆ కంప్యూటరుకు పెట్టు. నిమ్మకాయ సాల్లేదేమో."

నవ్వబోయి ఆయన మొహం చూశాను.

"నీళ్లు యాడుండాయిరా ఈడ? ట్రాలీ కడగాల."