కాడులో నాలుగు గుడ్లు

"అమ్మా, ఆదివారం కాడుకు పోవాల," అంది మా అమ్మాయి బడినుంచి వస్తూనే.

చింతపండు పిసుకుతున్న మా అత్త చెయ్యి ఆగింది. "ఎవురు పోయినారే?"

ఎవరూ పోలేదు. మా అమ్మాయి చదివేది అరవ బడి. అరవంలో కాడంటే అడవి. మా అత్తకు అరవం బాగానే వచ్చు గానీ, ఇంట్లో ఆమెకు కాడంటే ఒకటే: ఊళ్ళో పోయినవాళ్ళను పూడ్చే చోటు. బడిపిల్లలకు అడవి ప్రాణుల ఫోటోల పోటీ పెట్టారు. ప్రయాణం అందుకు.

ఆర్.కె.పేట పక్కన మా ఊరి చుట్టూ అడవి లేదు. చెరకు ఉంది, మామిడి తోటలున్నాయి, ప్లాట్ల రాళ్ళున్నాయి. తిరుత్తణి కొండమీద కోతులున్నాయి గానీ, మన సంచీలోంచి అరటిపళ్ళు తీసుకుని తినేవాటిని పోటీవాళ్ళు ఒప్పుకోరని మా అమ్మాయి తేల్చేసింది. నాగలి పడని, మేకలను కూడా తోలని నేల ఊరికి ఒక్కటే మిగిలింది. అలా అరవ కాడు, తెలుగు కాడు ఒకటే అయ్యాయి.

నేను డిగ్రీలో జంతుశాస్త్రం చదివాను. అందువల్ల పాములు ఎన్ని రకాలో తెలుసు. గొడుగు, కర్ర, రెండు నీళ్ళ సీసాలు, ఒక వేపమండ తీసుకున్నాను. వేపమండ దేనికని మా అమ్మాయి అడగలేదు.

కంపచెట్ల మధ్య నేలమీదనుంచి ఒక తీతువు పిట్ట లేచి, మా తలలమీద తిరుగుతూ అరిచింది. అది లేచినచోట, గులకరాళ్ళలో గులకరాళ్ళలాగే, నాలుగు గుడ్లున్నాయి. ఇంకో అడుగు వేసుంటే తొక్కేదాన్ని. మా అమ్మాయి నా ఫోనుతో వంగి వంగి తీసింది. ఒక ఫోటో నిజంగా బాగా వచ్చింది.

ఇంటికొచ్చాక మా అత్త ఇద్దరినీ పెరట్లోనే నిలబెట్టి నీళ్ళు పోసింది. "తీతువు అరిసిందా? ఇంగ ఎవురికి మూడిందో."

ఫోటో పంపబోతూ మా అమ్మాయి నిబంధనలు చదివింది. గూళ్ళ ఫోటోలు, గుడ్ల ఫోటోలు తీసుకోరట. దగ్గరికి పోతే పిట్ట లేచిపోతుందని, గుడ్లు ఎండకు చెడిపోతాయని కూడా రాశారు.

"మనం ఆడ ఎంతసేపు ఉన్నామమ్మా?"

"పది నిమిషాలు," అన్నాను. అరగంట ఉన్నాం.

ఆ ఫోటో తీసేసి, దూరంనుంచి తీసిన ఇంకోటి పంపింది. అందులో పిట్ట ఆవగింజంత ఉంది. బహుమతి రాలేదు.

పంపిన మూడోనాడు మా వీధిలో పెద్దాయన పోయాడు. మా అత్త నావైపు ఒకసారి చూసింది. మా ఆయన పార తీసుకుని బయల్దేరుతుంటే మా అమ్మాయి అడ్డం నిలబడింది.

"నాయనా, కంపచెట్ల కాడ తవ్వొద్దండి. గుడ్లుండాయి."

"సావు కాడ పిట్టగుడ్ల మాట యెట్ల చెప్పేది పాపా? నవ్విపోతారు."

అన్నాడే గానీ కదల్లేదు. అప్పుడు మా అత్త అంది: "పెద్దాయన్ని తూరుపు పక్క పెట్టమను. ఆయప్ప పెండ్లాము ఆడనే ఉండాది. ఎవురు కాదంటారు?"

ఎవరూ కాదనలేదేమో. సాయంత్రం మా ఆయన వచ్చి పెరట్లో నిలబడ్డాడు. మా అమ్మాయి వాకిట్లోంచి అడగబోయింది.

"నీళ్ళు పోసుకోకుండా నోరు తెరవొద్దు," అంది మా అత్త కొడుకుతో.

ఆయన చెయ్యెత్తి నాలుగు వేళ్ళు చూపించాడు.

మా అత్త చెంబు ముంచి, పోయకుండా పట్టుకుంది. "పిట్ట ఉండాదా?"

ఆయన తల ఊపాడు. అప్పుడు పోసింది.