పట్టీ మీద పసుపు వేళ్లు

నా నోరు మంచిది కాదు. ఆర్మూర్‌లో మా గల్లీ మొత్తానికి ఆ సంగతి తెలుసు. ఆ నోటితోనే ఒక ముసలమ్మను ఇంట్లోంచి తరిమేశాను. ఆమె మళ్లీ మా గడప తొక్కడం నా అదృష్టం.

మా పాపకు నెలన్నరప్పుడు స్కాన్ చేసి, ఎడమ తొడ ఎముక తుంటి గిన్నెలో సరిగ్గా కూర్చోలేదన్నారు. నిజామాబాద్‌లో డాక్టరమ్మ భుజాల నుంచి పాదాల దాకా అతికించే తెల్లని వెల్క్రో పట్టీలున్న బెల్టు తొడిగింది. మోకాళ్లు మడిచి, కాళ్లు చెరో పక్కకూ తెరిచి, పాప అచ్చం కప్పపిల్లలా తయారైంది. ప్రతి పట్టీ ఎంతవరకు బిగించాలో పెన్నుతో గీత పెట్టి ఇచ్చింది.

"రాత్రీ పగలూ ఇట్లనే ఉండాలె. విప్పద్దు, స్నానం వద్దు, కాళ్లు సాగదీయద్దు. ఎముక కూసోకపోతే నడుం నుంచి కాళ్ల దాక పిండికట్టు వేయాల్సొస్తది" అంది. కడుపులో ఉన్నప్పుడు పాప తల పైకి ఉండేది, అందువల్ల కావచ్చు, ఎవరి తప్పూ కాదని కూడా చెప్పింది. ఆ మాట నేను చెవిన పెట్టలేదు. తప్పు మోపడానికి నాకొక మనిషి కావాలి.

ఆ మనిషి మా గల్లీ చివరి అవ్వ. పసుపు పంట వచ్చినప్పుడు కొమ్ములు ఏరే పనికి పోతుంది, ఏడాది పొడుగునా పసిపిల్లలకు నీళ్లు పోస్తుంది. ఎంత కడిగినా ఆమె వేళ్ల పసుపు పోదు. పీట మీద కూర్చుని కాళ్లు చాపి, వాటి మీద పిల్లను వేసుకుని, నూనె రాసి, కాళ్లు ఒక్కొక్కటే గుంజి, రెండూ జత చేసి గుడ్డలో చుట్టేది. "కాళ్లు చక్కగ వస్తయి సూడు" అని మురిసిపోయేది.

బెల్టు వేసిన రోజే ఆమెతో, "నువ్వు గుంజంగనే గిట్లయింది అవ్వా. ఇగ నా పిల్లను ముట్టకు" అన్నాను. నిజానికి ఆమెకంటే గట్టిగా గుడ్డ చుట్టింది నేను. ఆ సంగతి డాక్టరమ్మకు కూడా చెప్పలేదు.

అవ్వ తల దించుకుని వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే వచ్చి గడప మీద కూర్చుంది. "ముట్టనులే. తడిగుడ్డ పిండి ఇస్త, నువ్వే తుడువు" అంది. బెల్టు సందుల్లో, మెడ ముడతల్లో తుడవడం నాకు చేతనైతే కదా! వారం తిరిగేసరికి ఆ పని మళ్లీ ఆమెదే అయింది. ఇప్పుడు చాపిన కాళ్లు ఎడంగా పెట్టుకుని, పాప తెరిచిన కాళ్లకు తన ఒళ్లో చోటు చేసేది. నేను మాత్రం పోలీసులా పక్కనే నిలబడేదాన్ని.

ఒక మధ్యాహ్నం, పసుపు ఏరే పని నుంచి వచ్చిన అవ్వను పాప దగ్గర కూర్చోమని చెప్పి కాస్త నడుం వాల్చాను. లేచి చూస్తే ఎడమకాలి పట్టీ మీద రెండు పసుపు వేళ్ల గుర్తులు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"విప్పినవా?"

"లేదు బిడ్డా. తన్నుకుంటుంటే దానంతట అదే ఊడింది. గా గీత కాడికే మల్ల అతికిచ్చిన."

"నాకు కథలు జెప్పకు! రేపు నా పిల్ల నడవకపోతే నువ్వొచ్చి నడిపిస్తవా?"

అవ్వ లేచి వెళ్లిపోయింది. నాలుగు రోజులు రాలేదు.

ఐదో రోజు స్కాన్. డాక్టరమ్మ తెర మీద చూపించింది. ఎముక గిన్నెలో కూర్చుంది. అక్కడే ఏడ్చేశాను. ఆమె పట్టీలు ఒక్కొక్కటే చూస్తూ, "ఈ ఎడమది సరిగ్గ అంటుకుంటలేదు, దారాలు పట్టినయ్. ఊకె ఊడుతుంటది. అయినా సరిగ్గ గీత మీదనే పెట్టిన్రు. మీరేనా?" అని అడిగింది.

పట్టీ మీది పసుపు గుర్తులను వేలితో తడిమాను. "మా అవ్వ" అన్నాను. గుడ్డ చుట్టిన సంగతి కూడా అప్పుడే చెప్పేశాను.

ఆర్మూర్‌లో బస్సు దిగి ఇంటికి పోలేదు, నేరుగా అవ్వ ఇంటికే పోయాను. పాపను ఆమె ఒళ్లో పెట్టి, "తప్పయింది అవ్వా. ఎముక కూసుంది. గట్టిగ చుట్టింది గూడ నేనే" అన్నాను.

ఆమె నా మొహం చూడలేదు. పాప గడ్డం ఎత్తి మెడ చూసింది. "నీ నోట్ల మన్నువడ! నాలుగు దినాల సంది దీని మెడ తుడిసినవా అసలు?" అంది. ఆ తిట్టుకు నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

కొన్ని వారాల తర్వాత బెల్టు తీసేశారు. తొలి స్నానానికి నీళ్లు అవ్వే కాచింది. పాపను కాళ్ల మీద వేసుకుని, నూనె రాస్తూ పాదాల దాకా వచ్చి, అలవాటు కొద్దీ రెండు మడమలూ పట్టుకుంది. నేను నోరు తెరవలేదు. ఆమె చేతులు వాటంతట అవే ఆగాయి. మడమలు వదిలేసి, తన కాళ్లను మెల్లగా ఎడం చేసుకుంది.

"కాళ్లు నీకు సాపబుద్ధైనప్పుడే సాపుకో తల్లీ" అంది పాపతో.