విమల కొండ మీద నేను పోసిన నీళ్లు

మా చిన్నప్పుడు... బిట్రగుంట రైల్వే కాలనీలో దసరా తొమ్మిది రోజులూ ఆడపిల్లలకు కాలు ఒకచోట నిలిచేది కాదు. ఏ క్వార్టర్ తలుపు తీసి ఉంటే అందులోకి దూరి, బొమ్మల కొలువు చూసి, గుప్పెడు శనగల గుగ్గిళ్లు తిని బయటపడేవాళ్లం. మా కాలనీ కొలువుల్లో దేవుళ్లతో పాటు రైలు కూడా ఉండాల్సిందే. మెట్ల పక్కన నేల మీద పట్టాలు, కీ ఇస్తే తిరిగే రేకు రైలు, అది దూరి పోవడానికి సొరంగం ఉన్న కొండ...

ఆ కొండలన్నిటిలో నాదే గొప్పదని నాకు గట్టి నమ్మకం. ఎందుకంటే మా నాన్న అలా అనేవాడు. నాన్న గూడ్సు బండి గార్డు. వారంలో సగం రోజులు ఇంట్లో ఉండడు, ఉన్న రోజుల్లో నిద్రపోతాడు. ఏడాదికి ఒక్కసారి మాత్రం నా కొండ ముందు గొంతుక్కూర్చుని "భలే చేసినావే పాపా" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం నెల ముందు నుంచే పాత పేపర్లు దాచేదాన్ని.

ఆ కొండ ఎలా ఉండేదంటారా... పేపర్లు ఉండలు చుట్టి, మైదా జిగురు పూసి, మూడు శిఖరాలు నిలబెట్టి, పచ్చరంగు వేసి, పైన దూది అంటించేదాన్ని. దూది అంటే మంచు అన్నమాట! ఒకవైపు సముద్రం, ఇంకోవైపు వరిచేలు... కొండను దగ్గర్నుంచి చూసి ఉంటే కదా నేను. డ్రాయింగు పుస్తకంలో కొండకు మంచు ఉంది కాబట్టి నెల్లూరు ఎండల్లో నా కొండకూ మంచు పడింది. నవ్వుకోండి, పరవాలేదు.

నేను ఏడో క్లాసులో ఉండగా పక్క క్వార్టర్‌లోకి విమల వాళ్లు బదిలీ మీద వచ్చారు. వాళ్ల నాన్న రైల్వే ఆసుపత్రిలో కట్లు కట్టేవారు. విమలది నా క్లాసే. రెండు జడలు, మాట తక్కువ, గోళ్లలో ఎప్పుడూ మట్టి. స్కూలు నుంచి వస్తూ పట్టాల పక్కన కంకర రాళ్లు ఏరుకుని, ఒక్కొక్కటీ కంటి దగ్గర పెట్టుకుని తిప్పి తిప్పి చూసేది. పిచ్చిదేమో అనుకున్నాను.

దసరా మొదటి రోజు తెలిసింది ఆ పిల్ల ఏం చూసేదో. కంకర రాయిని తడి బంకమట్టిలో అదిమి తీసేసి, ఆ గుంటలో ఎముక విరిగితే కట్టు వేసే తెల్లపిండి కలిపి పోసిందట. గట్టిపడ్డాక ఊడదీస్తే రాయి ముఖం పగుళ్లతో సహా దిగింది. అలాంటివి ఎన్నో అతికించి, పైన దీపం మసి అద్దింది. పచ్చరంగు లేదు, దూది లేదు... ఉత్త బండ. పక్కనున్న రేకు రైలు నిజం రైలైపోయింది.

ఆ సాయంత్రం నాన్న నా కొండ చూసి, అలవాటుగా భలే అన్నాడు. అంతటితో ఊరుకోవచ్చు కదా నేను... "విమల దాని కొండకి రంగు కూడా ఎయ్యలేదు నాన్నా, చూద్దువు రా" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాను.

నాన్న దాని ముందు కూర్చున్నాడు. మెడ వంచి సొరంగంలోకి తొంగిచూశాడు.

"ఈ బండ నేను చూసినాను," అన్నాడు. "నంద్యాల లైనులో పన్జేసేటప్పుడు... సొరంగం దాటంగానే ఎడంపక్క ఇట్టనే ఉంటది. నువ్వు యాడ చూసినావమ్మా?"

"చూళ్లేదు మామా. కంకర్రాయిలో ఉండింది," అంది విమల.

వాళ్లమ్మ ఇచ్చిన కాఫీ చల్లారిపోయినా నాన్న లేవలేదు. నా కొండ ముందు ఆయన ఎప్పుడూ అంతసేపు కూర్చోలేదు.

మర్నాడు పొద్దున అమ్మ గిన్నె తిరిగి ఇచ్చి రమ్మంటే వాళ్లింటికి వెళ్లాను. ముందు గదిలో ఎవరూ లేరు. కొలువు దగ్గర చెంబులో నీళ్లున్నాయి. ఆలోచించలేదు... తీసుకుని కొండ నెత్తిన పోసేశాను. నాదైతే ఆ దెబ్బకు ముద్దైపోయేది. అదేమో కరగలేదు, కూలలేదు. మసి మాత్రం నల్లగా పగుళ్ల వెంట కిందికి జారింది. గిన్నె అక్కడే పడేసి పారిపోయాను.

సాయంత్రం నాన్న తన స్నేహితుడైన డ్రైవరును వెంటబెట్టుకుని మళ్లీ విమల ఇంటికే బయలుదేరాడు. భయంభయంగా నేనూ వెనకే వెళ్లాను.

"చూడన్నా, నిన్న లేదు ఇది! వాన కారిన చారలు కూడా పెట్టింది ఈ పిల్ల!" అని నాన్న మురిసిపోతున్నాడు.

చేసింది నేను. మెప్పు దానికి! నేనే అని చెప్పుకునే దారీ లేదు.

విమల మెల్లగా నా పక్కకొచ్చింది. అయిపోయింది నా పని అనుకున్నాను.

"పొద్దున నువ్వే గదా పోసింది?" అంది గుసగుసగా. "ఈ పక్క కూడా పోసి పెట్టవా... నేను ఎంత పోసినా అట్ట రాలా."

తిట్టి ఉంటే బాగుండేది. నాన్నకు చెప్పి ఉన్నా బాగుండేది. "నేను కాదు" అని వచ్చేశాను. ఆ దసరాకు మళ్లీ ఆ గడప తొక్కలేదు. మరుసటి ఏడు వాళ్లకు బదిలీ అయింది, మా కాలనీలో మళ్లీ నా కొండే గొప్పదైంది. కానీ నాన్న దాని ముందు కూర్చోలేదు, నిలబడే బాగుందన్నాడు.

ఇప్పుడు నెల్లూరులో మా ఇంటి చిన్న గదిలో బల్ల నిండా నేను చేసిన కొండలే. రాళ్ల అచ్చులు ఫోనులో నొక్కితే ఇంటికొస్తున్నాయి, రంగులెలా వెయ్యాలో వీడియోలున్నాయి. కంకర ఏరే పిల్లలు లేరు, కాలనీలో సగం క్వార్టర్లు ఖాళీ. పోయిన వారం ఒక కొండ పూర్తి చేసి, కుర్చీ వేసి నాన్నను దాని ముందు కూర్చోబెట్టాను. కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు. ఈ వయసులోనూ ఆ ఒక్క మాట కోసం పక్కనే నిలబడ్డాను.

"భలే చేసినావే పాపా..." అన్నాడు. నేను ఊపిరి పీల్చుకునేలోపే "అచ్చం ఆ పిల్ల చేసినట్టే ఉంది. ఏందబ్బా దాని పేరు?" అన్నాడు.

మీ ఇంట్లో వాళ్లు ఇప్పటికీ మర్చిపోని ఆ పక్కింటి పిల్ల ఎవరో మీరూ కామెంట్లలో చెప్పండి... ఒక్కదాన్నే కుళ్లుకోలేక అడుగుతున్నాను. మా నాన్న నిన్న కూడా అడిగాడు, ఆ పేరు ఏందని. గుర్తులేదన్నాను.