పల్చటి మసక

ఆఫీసులో ఆమెను అందరూ మసకమ్మ అనేవారు. మొదట్లో చాటుగా అన్నారు, తర్వాత ఎదురుగానే అన్నారు, చివరికి ఆమే ఫోనెత్తి "ఆఁ, మసకమ్మనే, చెప్పండి" అనేదాకా వచ్చింది. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

అదొక సాయంత్రం పత్రిక. వార్త అంటే వాళ్ళ దృష్టిలో పక్కింటి కిటికీ. ఎవరింటి ముందు ఎవరి కారు ఆగింది, ఎవరు ఏ ఆసుపత్రి వెనక గుమ్మంలోంచి బయటికొచ్చారు, ఎవరి మొగుడు ఎవరితో కాఫీ తాగాడు, ఇవీ వాళ్ళ వార్తలు. అలాంటి ఫొటోల్లో మొహాలు ఉన్నవి ఉన్నట్టు అచ్చేస్తే కేసులు పడతాయి. అందుకని మొహం మీద మసక వేయాలి. కంప్యూటరు ముందు కూర్చుని ఆ మసక వేయడమే ఆమె ఉద్యోగం.

మసక వేయడంలో ఏముంది, మా బుడ్డోడు కూడా వేస్తాడు అనుకునేరు! అందులో ఉన్న కిటుకంతా ఎడిటరు నేర్పాడు. ఆయన్ని అందరూ "సారు" అనేవారు. నోరు తెరిస్తే "అమ్మా" అనకుండా మాట్లాడేవాడు కాదు, అంత మర్యాదస్థుడు. చేరిన కొత్తలో ఆమె కుర్చీ పక్కన నిలబడి చెప్పాడు.

"చూడమ్మా, తెలియనివాళ్ళకి తెలియకూడదు. తెలిసినవాళ్ళకి తెలిసిపోవాలి. అంతే నీ పని."

దట్టంగా వేస్తే ఎవడూ కొనడు. మరీ పల్చగా వేస్తే వకీలు నోటీసు పంపిస్తాడు. ఆ రెంటికీ మధ్య ఒకచోటుంది. అక్కడ ఆపితే వీధి వీధంతా పత్రిక చుట్టూ మూగి, "ఈ గడ్డం ఫలానా ఆయనది కాదూ?" "అబ్బే, ఆయనకి ఆ నడక లేదు" అని వాదించుకుంటుంది. వాదించుకున్న ప్రతివాడూ ఒక కాపీ కొంటాడు. దీన్ని వ్యాపారం అనడానికి నాకైతే నోరు రాదుగానీ, వాళ్ళు నిక్షేపంగా అలాగే అనేవారు.

మసకమ్మ చేతికి ఆ మధ్యచోటు చక్కగా పట్టుబడింది. ఆ మొహాలు ఎవరివో ఆమె అడిగేది కాదు. అడగకుండా ఉండడం కూడా ఒక అలవాటే. నేను కాకపోతే ఇంకొకరు వేస్తారు అనుకునేది. మనలో ఎంతమందిమి పొద్దున్నే ఆ మాట అనుకుని చెప్పులేసుకోవడం లేదు!

ఇంట్లో ఇద్దరే ఆడవాళ్ళు, ఆమె, ఆమె ఆడపడుచు. మొగుడు పోతూ పోతూ "దాన్ని చూసుకో" అన్నాడు. చూసుకోమనక్కర్లేదు, చెల్లెలి కంటే ఎక్కువగానే చూసుకుంది. రంగుల డబ్బాలమ్మే కొట్టు మీద రెండు గదులు. కిందికి ఒకే మెట్లదారి, అది తిన్నగా వీధిలోకే దిగుతుంది. ఆడపడుచు బడిలో అందరికంటే చిన్నపిల్లల తరగతికి టీచరు. వీధిలో అందరూ "చిన్న టీచరు" అనేవారు.

అన్న పోయాక ఆ పిల్ల మనిషి మనిషిలా లేదు. నిద్ర లేదు. కంచం ముందు కూర్చుని గోడకేసి చూస్తూ ఉండిపోయేది. "రెండు ముద్దలు తినవే తల్లీ" అని మసకమ్మ బతిమాలని పూట లేదు. అలాంటిది ఈమధ్య తేరుకుంది. తింటోంది, పడుకుంటోంది, తరగతిలో ఎవడో గుండీ ముక్కులో దూర్చుకున్న సంగతి చెప్పి పడీ పడీ నవ్వుతోంది. శనివారాలు బడి అవగానే లైబ్రరీకి వెళ్తున్నానంది.

"మరి పుస్తకమేదీ?" అని అడిగితే,

"అక్కడే చదివేశాను వదినా," అనేది.

సరే, చదువుకున్న పిల్ల, చదివేసి ఉంటుంది అనుకుంది మసకమ్మ. ఒకసారి ఆ పిల్ల చేతిసంచి పట్టీ తెగితే తనే కుట్టిపెట్టింది. గోధుమరంగు దారం లేక ఎర్రదారంతో కుట్టి, "పోనీలే, ఎంత జనంలో ఉన్నా నిన్ను ఇట్టే పోల్చుకోవచ్చు" అని వేళాకోళం చేసింది. తర్వాత ఆ వేళాకోళం ఆమెకి ఎన్నిసార్లు గుర్తొచ్చిందో.

ఆ రోజు ఆఫీసులో కూర్చోగానే ఫొటో వచ్చింది. తీసింది డేగ. అంటే ఫొటోగ్రాఫరు. ఎక్కడ కాపు కాస్తాడో ఎవరికీ కనిపించడని ఆ పేరు పెట్టారు. శీర్షిక సారు ముందే రాసి పెట్టాడు, "మీ పిల్లలు ఎవరి చేతుల్లో ఉన్నారు?" అని. ఒక మనసు డాక్టరు క్లినిక్కు పక్కగేటు. గేటులోంచి బయటికొస్తున్న ఒక ఆడమనిషి. మెడలో బడివాళ్ళిచ్చే నీలం తాడు, భుజాన గోధుమరంగు సంచి, సంచి పట్టీకి ఎర్రదారం.

మొహం కూడా స్పష్టంగానే ఉంది, కానీ మసకమ్మ దాన్ని చూడలేదు, ఆ కుట్లే చూసింది. ఓసి పిచ్చి మొద్దూ, నాతో ఒక్క మాట చెప్పకూడదుటే అని లోపల ఏడ్చింది. వెంటనే ఇంకోటి తట్టింది. చెప్పకపోవడమేం, ఈ ఉద్యోగం చేసే వదినతో ఎవరు చెబుతారు?

మసకమ్మ ఆ మొహం మీద మసక వేసింది. మళ్ళీ వేసింది. ఆ మొహం ఉడికిపోయిన పిండిముద్దలా అయ్యేదాకా వేసింది. నీలం తాడు చెరిపింది. ఎర్రకుట్లు చెరిపింది. పంపించేసి, గుక్క తిప్పుకోకుండా మంచినీళ్ళు తాగింది.

ఆ గ్లాసు కింద పెట్టేలోపే సారు వచ్చి కుర్చీ పక్కన నిలబడ్డాడు.

"ఏంటమ్మా ఇది? ముద్ద చేసి పెట్టావ్."

"కేసవుతుందేమోనని సార్..."

"ఇన్నేళ్ళలో రాని కేసు ఇవాళ వస్తుందా?" అని నవ్వాడాయన. "మొహమంటే సరే. సంచి కూడా చెరిపావేం? సంచికి మొహముంటుందా?"

మసకమ్మ ఫొటోకేసి చూసింది. అప్పుడర్థమైంది, ఎంత పని చేసిందో. ఎన్నడూ లేనిది ఒక్క ఫొటోకి అంత దట్టంగా మసక వేయడమంటే, ఈ మనిషి నాకు కావలసిన మనిషి అని చేతులారా రాసిచ్చినట్టే.

సారు గొంతు ఇంకా మెత్తబడింది. "తెలిసినావిడా అమ్మా? చెప్పు. ఇంటిమనిషయితే తీసి అవతల పారేస్తాను. నేను మాత్రం మనిషిని కానా?"

చెబుదామనే నోరు తెరిచింది. కానీ పక్క సెక్షన్లో పేజీలు కట్టే అతను గుర్తొచ్చాడు. ఒకసారి అతను కూడా ఇలాగే, "సార్, ఆయన మా బావ, వదిలేయండి" అన్నాడు. "అయ్యో, అలాగే" అని సారు ఫొటో తీసేశాడు. వారం తిరక్కుండా ఆ బావ పేరూ ఊరూ ఉద్యోగం సహా పేజీ నిండా వచ్చింది. ఫొటో ఒక్కటే లేదు. మాట తప్పలేదని సారు అందరి ముందూ చెప్పుకున్నాడు కూడా.

చెబితే పేరు దొరుకుతుంది. చెప్పకపోతే ఫొటో అచ్చవుతుంది.

"ఎవరో నాకు తెలీదు సార్."

"తెలీదుగా? మంచిది. అయితే మామూలుగా వేసెయ్. నేనిక్కడే ఉంటాలే."

ఆయన నిజంగానే అక్కడే ఉన్నాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, టీ తెప్పించాడు, ఆమెకీ ఒక కప్పు ముందు పెట్టాడు. తెలియని మనిషి మీద ఎంత పల్చగా వేస్తుందో, అంతే పల్చగా తన ఆడపడుచు మీద వేయాలి. చెయ్యి ఆగితే దొరికిపోతుంది. వణికినా దొరికిపోతుంది. ఆ దుర్మార్గుడు టీ ఊదుకుంటూ ఆమె చేతికేసే చూస్తున్నాడు.

ఆమె వేసింది. సరిగ్గా ఆ మధ్యచోటులో, అలవాటైన చేత్తో, ఎప్పటిలాగే బాగా వేసింది. తాడు వదిలేసింది. ఎర్రకుట్లు వదిలేసింది.

"భేష్," అన్నాడు సారు.

ఫొటో కింద ఒక వాక్యం కూడా పడింది, "ఈమె మీకు తెలుసా? మాకు ఫోన్ చేయండి" అని.

సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి కింద రంగుల కొట్టాయన పత్రిక మడిచి తొడ కింద పెట్టుకున్నాడు. రోజూ పలకరించేవాడు, ఆ రోజు డబ్బాలు సర్దుకుంటూ మొహం చాటేశాడు. పైన ఆడపడుచు పొయ్యి దగ్గర నిలబడి ఉంది, పొయ్యి మీద ఏమీ లేదు.

"హెడ్మాస్టరు ఫోన్ చేశారు వదినా," అంది. "పిల్లల తల్లులు గేటు దగ్గర గోల చేస్తున్నారట. సద్దుమణిగేదాకా రావద్దన్నారు."

అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. తిట్టినా బాగుండును, గిన్నెలు విసిరికొట్టినా బాగుండును. ఆ పత్రికలో మొహాల మీద మసక వేసేది ఎవరో ఆ పిల్లకి తెలియదా? అడగలేదు. మసకమ్మకి ఆ అడగకపోవడమే ముల్లులా గుచ్చుకుంది. తనంతట తను చెబుదామని రెండు మూడుసార్లు దగ్గరికి వెళ్ళి, "దుప్పటి కావాలా?" అని అడిగి వచ్చేసింది.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళింది. ఏ మొహం పెట్టుకుని వెళ్ళిందని మీరు అడగొచ్చు, అడగాల్సిందే. కానీ తను మానేస్తే తర్వాత వచ్చే ఫొటో ఎవరి చేతుల్లో పడుతుందో అని భయపడింది. సారు గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, చాలా బాధపడ్డాడు.

"మీ వీధివాళ్ళే ఫోన్ చేశారమ్మా. మీ ఆడపడుచటగా! అడిగాను కదమ్మా నిన్ను. ఒక్క మాట చెప్పి ఉంటే తీసేసేవాణ్ణి కదా."

నిజంగా తీసేసేవాడా? ఆ ముక్క ఆమెని పురుగులా తొలిచింది. తీసేసేవాడు కాదని వందసార్లు తనకి తను చెప్పుకుంది. తీసేసేవాడేమో అని ప్రతిసారీ అనిపించింది. ఇక బతికినన్నాళ్ళూ అది తేలదు.

"అయిందేదో అయింది," అన్నాడు సారు. "ఇప్పుడు పేరు బయటికొచ్చేసింది కాబట్టి, ఆవిడ వైపు నుంచి కూడా వేద్దాం. మంచిగానే రాద్దాం. ఇంట్లో ఒక ఫొటో చాలు. నువ్వు చెబితే కాదనదు."

"చెప్పను సార్," అందామె. ఆయన ముందు ఆ మాట అనడం అదే మొదటిసారి.

"నీ ఇష్టమమ్మా. డేగ మాత్రం వస్తాడు, వాడి పని వాడిది."

శనివారం వచ్చేసరికి డేగ వచ్చేశాడు. ఈసారి దాక్కోలేదు. ఎదురుగా ఆగిన వ్యాను మీద చేరబడి, మెట్లదారికేసి చూస్తూ నిలబడ్డాడు. కాపు కాయాల్సిన పనేముంది, దారి ఒక్కటేగా! మసకమ్మ సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. కిటికీ తెరిస్తే వాడు కెమెరా ఎత్తుతాడు, మూస్తే గదిలో ఉక్క. రెండు గదుల్లోనూ లైటు వేసుకుని పట్టపగలు కూర్చున్నారు ఇద్దరూ.

ఆడపడుచు మాత్రల పట్టీ తీసి వెనక్కి తిప్పి చూసింది. అన్నీ ఖాళీ.

"ఇవాళ వెళ్ళాలి వదినా. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికొస్తుందన్నారు డాక్టరుగారు."

"నేను వెళ్ళి తెస్తాను."

"నన్ను చూస్తేగానీ ఇవ్వరు."

మసకమ్మ కిటికీ సందులోంచి కిందికి చూసింది. డేగ అరటిపండు తింటున్నాడు. వాడికి తొందరేం లేదు.

"వదినా," అంది ఆ పిల్ల నెమ్మదిగా. "ఆ ఫొటో నువ్వే వేశావా?"

ఇన్ని రోజులూ ఎదురుచూసిన ప్రశ్నే.

"నేనేనే. ముందు దట్టంగానే వేశాను. ఆయన పట్టుకున్నాడు. పక్కనే కూర్చుని వేయించాడు. నీ పేరు చెబితే ఇంకా అన్యాయం జరుగుతుందని భయపడి..." మాట పూర్తి కాలేదు. ఏడుపొచ్చేసింది.

ఆడపడుచు ఏడవలేదు. ఒళ్ళో ఉన్న శాలువా అంచు వేళ్ళతో నలుపుతూ కూర్చుంది.

"నేను వాణ్ణి చూశాను వదినా."

"ఎవర్ని?"

"ఆ కెమెరా అతన్ని. గేటు దాటగానే చూశాను, ఎదురుగా ఆగి ఉన్న వ్యాను అద్దంలోంచి. ఈ శాలువా చేతిలోనే ఉంది, కప్పుకోవచ్చు. లోపలికి పరిగెత్తొచ్చు. ముందు పరిగెత్తబోయాను కూడా. తర్వాత అనుకున్నాను, తీసుకుంటే తీసుకోనీలే, ఆ ఫొటో వెళ్ళేది మా వదిన దగ్గరికేగా, తను చూసుకుంటుంది అని. అందుకే మామూలుగా నడిచి వచ్చేశాను."

ఆ ఫొటోలో మొహం ఎందుకంత ప్రశాంతంగా ఉందో అప్పుడర్థమైంది మసకమ్మకి. ఆ రోజు మసక వేస్తూ కూడా దాన్ని సరిగ్గా చూడలేదు.

ఎంతసేపు కూర్చున్నా డేగ కదలడు. డాక్టరు మాత్రం వెళ్ళిపోతాడు. ఆడపడుచే ముందు లేచింది. సంచి భుజాన వేసుకుని, వదిన ముందుకొచ్చి, శాలువా ఆమె చేతుల్లో పెట్టి, బడిపిల్లలా కళ్ళు మూసుకుని నిలబడింది.

"ఈసారి దట్టంగా వెయ్యి వదినా," అంది.

మసకమ్మ శాలువా తల మీద నుంచి కప్పి, మొహం చుట్టూ తిప్పి, మళ్ళీ తిప్పి, వెనకాల ముడి వేసింది. ముడి రెండుసార్లు జారింది, మూడోసారి గట్టిగా బిగించింది. సంచి తీసి తన భుజానికి తగిలించుకుంది. తన తల మీద ఏమీ కప్పుకోకుండానే, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తలుపు తీసింది.