అమ్మ నవ్విన ఫొటో

టైలరు షాపులో ఆమెను అందరూ కాజాల పిన్ని అంటారు. ఇరవై రెండేళ్ళుగా అక్కడ చొక్కాలకు కాజాలు కుట్టేదీ, బొత్తాలు వేసేదీ ఆమే. నలభై ఆరేళ్ళ మనిషి. ఇంట్లో ఆమె, తల్లి, ఇద్దరే.

తమ్ముడు మంచి ఫోను కొనుక్కుని, మూలపడ్డ డిజిటల్ కెమెరాను అక్కకిచ్చాడు. మొదటి నెల తీసిన ఫొటోలు చూసుకుంటే ఆమెకే నవ్వొచ్చింది. ఒకదాంట్లో తల ఉండదు, ఇంకోదాంట్లో కాళ్ళుండవు. ఫ్లాష్ పడ్డవాళ్ళంతా దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టున్నారు.

షాపు పక్కనే ఫొటో స్టూడియో. దాని యజమానిని ఆమె అన్నయ్యా అని పిలిచేది. వెళ్ళి నేర్పమని అడిగింది.

"కెమెరా ఉంటే సరిపోదమ్మా. సూది కొన్నవాళ్ళంతా నీలా కాజా కుట్టగలరా?" అన్నాడతను.

అన్నాడే గానీ ఓపిగ్గా నేర్పాడు. ముందు ఫ్లాష్ ఆపేయమన్నాడు. మనిషిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, వెలుతురు ముఖం మీద ఎటునుంచి పడుతోందో చూడమన్నాడు. మోచేతులు డొక్కలకు ఆనించి, మీట సగం నొక్కి, బొమ్మ తేటపడ్డాక ఊపిరి బిగబట్టి మిగతా సగం నొక్కమన్నాడు. ఊపిరి బిగబట్టడం ఆమెకు కొత్త కాదు, సూదిలోకి దారం ఎక్కించేది అలాగే. ప్రతి శనివారం కెమెరా తీసుకెళ్తే, అతను ఫొటోలన్నీ తన కంప్యూటర్లోకి ఎక్కించుకుని ఒక్కోదానికీ వంకలు పెట్టేవాడు.

"వెనకాల ఆ బకెట్టు ఎందుకమ్మా? ఒక్క అడుగు పక్కకి జరిగితే పోయేది కదా."

ఆమె బుద్ధిగా తలాడించేది. మర్నాడు బకెట్టు లేకుండా తీసేది.

తల్లి మాత్రం కెమెరాకి చిక్కేది కాదు. ముందుపళ్ళు ఊడిపోయాక, నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఆవిడకి అలవాటైపోయింది. ఒక ఆదివారం పొద్దున ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు బాగుచేస్తోంది. కింద నుంచి తీద్దామని కూతురు నేలమీద బోర్లా పడుకుంది.

"ఏమే, ఈ వయసులో బల్లిలా ఆ పాకుడేంటే?" అంటూ ఆవిడ ఫక్కున నవ్వింది. రెండు చేతుల నిండా కాయలే. నోటికి అడ్డం పెట్టుకునే వీల్లేకపోయింది. కూతురు మీట నొక్కింది.

ఫొటో చూసి ఆవిడ ముఖం ముడుచుకుంది. "తీసెయ్యి దాన్ని."

"ఎవరికీ చూపించనమ్మా. నాకోసం ఉంచుకుంటా."

"నా మీద ఒట్టు?"

"ఒట్టు."

శనివారం దాకా ఆగింది గానీ, శనివారం ఆగలేకపోయింది. నేర్పినవాడికి చూపిస్తే ఊరందరికీ చూపించినట్టు కాదులే అనుకుంది. "ఎవరికీ చూపించొద్దంది మా అమ్మ" అని చెప్పి మరీ చూపించింది.

"నేను పరాయివాణ్ణా?" అన్నాడతను. చాలాసేపు చూశాడు. "దీనికి వంక పెట్టడం నావల్ల కాదమ్మా."

ఆ రోజు ఆమె కాళ్ళు నేలమీద ఆనలేదు.

రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం పని నుంచి వచ్చేసరికి తల్లి చెప్పులైనా విప్పకుండా మంచం మీద గోడవైపు తిరిగి పడుకునుంది.

"ఏమైందమ్మా?"

"బస్టాపులో నన్ను వేలాడగట్టారు. వెళ్ళి చూసుకో."

వెళ్ళి చూసింది. పళ్ళాసుపత్రి బోర్డు, నిలువెత్తుది. ఎడమవైపు నోరంతా తెరిచి నవ్వుతూ అమ్మ. కుడివైపు మెరిసే పలువరసతో ఎవరో అమ్మాయి. పైన 'మీ నవ్వు ఇలా ఉందా?' అని పెద్దక్షరాలు.

పొద్దున్నే స్టూడియోకి వెళ్ళింది.

"పేరు వెయ్యలేదు కదమ్మా" అన్నాడతను, కుర్చీలోంచి లేవకుండానే. "డాక్టరుగారు అడిగారు. అంత సహజంగా ఉన్న ఫొటో నా దగ్గర ఇంకోటి లేదు. నీ పనితనం నలుగురూ చూస్తున్నారు, సంతోషించక."

"చూపించొద్దని అమ్మ అన్నట్టు మీకు చెప్పాను కదా అన్నయ్యా."

"చెప్పావు. చెప్పి చూపించావు. మాట ముందు తప్పిందెవరు?"

ఆమె అతని ఎదుటే నిలబడి కంప్యూటర్లోంచి ఫొటో తీయించింది. ఇంకెన్నిచోట్ల దాచాడో ఆమెకేం తెలుసు.

అక్కణ్ణుంచి ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ స్టూడియో అతను తెచ్చిచ్చిన కాగితం తీసి చూపించింది. ఫొటో వాడుకోవడానికి అభ్యంతరం లేదని, కింద తల్లి పేరుతో గుండ్రటి సంతకం. "మా అమ్మకి వేలిముద్ర తప్ప సంతకం రాదండీ" అందామె. డాక్టరమ్మ మధ్యాహ్నానికల్లా బోర్డు దింపించింది. పళ్ళసెట్టు ఉచితంగా కట్టిస్తానని కబురు కూడా పంపింది.

"వాళ్ళ పళ్ళు నాకక్కర్లేదు" అంది తల్లి.

ఆ రాత్రి అన్నం దగ్గర కూతురు ఒప్పుకుంది. "నేనే చూపించానమ్మా అతనికి."

తల్లి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "వాడెవడో పరాయివాడు. వాడితో నాకేం పని? ఒట్టేసింది నువ్వు."

తర్వాత మాట్లాడుకోవడం మానలేదు. ఉప్పు అందివ్వు, తలుపు వేసిరా, అన్నీ మామూలే. స్టూడియో అతను మాత్రం ఏమీ జరగనట్టు "బాగున్నావా అమ్మా" అని పలకరిస్తూనే ఉన్నాడు. ఆమె కుట్టులోంచి తల ఎత్తదు.

చలికాలంలో పెన్షను ఆఫీసు కొత్త ఫొటో తెమ్మంది. "కిటికీ దగ్గర కూర్చోమ్మా, తీస్తాను" అంది కూతురు. తల్లి చీర మార్చుకుని, రెండు బస్సులు మారి, ఎవరూ ఎరగని స్టూడియోకి వెళ్ళి తీయించుకొచ్చింది. ఫొటోలో పెదవులు బిగించి కూర్చుంది. ముఖం సగం చీకట్లో ఉంది. మెడ వెనక కరెంటు తీగ కనిపిస్తోంది.

కూతురు దానికి జిగురు రాసి, దరఖాస్తు మీద అంటించింది.