చిన్నమ్మ సోమవారం బండి

మా చిన్నమ్మ పోయిందన్న కబురు హచ్చొళ్ళి నుంచి మా ఊరి మీదుగా వచ్చే బస్సు కండక్టరు తెచ్చాడు. బళ్ళారిలో నేను పాఠాలు చెప్పే బడి ముందు బస్సు ఆపి, దిగకుండానే చెప్పి వెళ్ళిపోయాడు. మా నాయన తమ్ముడి భార్య ఆమె. నేను ఏడవలేదు. ఆ పూట పాఠం ముగించి బయల్దేరాను. ఆమె అయినా అలాగే చేసి ఉండేది.

ఏది అడిగినా ఆమెది ఒకటే జవాబు: "సూద్దాంలే." తిరునాళ్ళకు వస్తావా అన్నా, కోక నచ్చిందా అన్నా అదే. అది ఔనో కాదో మా ఇంట్లో ఎవరికీ అంతుపట్టేది కాదు.

ఆమె కాపురానికొచ్చిన ఏడాదే చిన్నాయన, సొంత దేశానికి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొన్నాడు. దానికి మడిచేసుకునే బట్ట టాపు. ఇంటినిండా మనుషులుంటే ఇద్దరు పట్టే కారేమిటని మా జేజి, అంటే నాయన తల్లి, దెప్పిపొడిచింది. కోడలు మొగుడి పక్కన ఊరందరికీ కనపడేట్టు కూర్చుంటే తను తలెత్తుకోలేనంది. కారెక్కుతావా అని చిన్నాయన తన భార్యను అడిగాడు. "సూద్దాంలే" అంది. ఈలోగా యుద్ధం వచ్చి పెట్రోలు కరువైంది. కారును ఇటుకల మీదికెత్తి, వేరుశెనగ సంచులు వేసే కొట్టంలో ఒక మూలకు పెట్టేశారు. చిన్నమ్మ ఏటా పోయి దాని సీట్ల కింద వేపాకు మార్చి వచ్చేది. ఎలుకలు సంచులు కొరుకుతాయని చెప్పేది. సంచులు ఆ మూల ఉండేవి కావని మీకు చెప్పాలి.

జేజి పోయి సంవత్సరీకం కూడా అయ్యాక చిన్నాయన ఆ కారు మీది దుమ్ము దులిపాడు. అప్పటికి మా ఊరికి కాలువ నీళ్ళొచ్చాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది, ఆయన జుట్టు నెరిసింది. బళ్ళారి కౌల్ బజార్ నుంచి మిస్త్రీ వచ్చి, బిగుసుకుపోయిన ఇంజనులో నూనె పోసి నాననిచ్చాడు. ట్యాంకులో గులకరాళ్ళు, కిరసనాయిలు వేసి తుప్పు వదిలేదాకా ఊపారు. టైర్లు మద్రాసు నుంచి తెప్పించారు. సీట్లు బాగానే ఉన్నాయి గానీ టాపును ఎలుకలు కొరికేశాయి. పైన కప్పు లేకపోతే ఆమె ఎక్కదని చిన్నాయన భయం. డేరాలు కుట్టేవాడి చేత పచ్చటి కాన్వాసుతో టాపు కుట్టించేసరికి మరికొన్ని నెలలు పట్టింది. ఆమె ఎక్కకపోతే ఇదంతా దండగేనని మాకందరికీ తెలుసు.

మా వైపు సోమవారం ఎద్దులకు కాడి కట్టరు. అలాంటి ఒక సోమవారం చిన్నాయన కారు బండిని గుమ్మం ముందు ఆపి, వస్తావా అని ఆమెను అడిగాడు. మేమంతా ఆ పాత జవాబు కోసమే చూస్తున్నాం.

"ఉండు, చెప్పులేసుకోని వస్తా," అందామె.

తర్వాతిది చిన్నాయన చెప్పిందే. కాలువ గట్టు ఎక్కాక ఆమె టాపు వంక చూసి, "ఇట్ల మూసుకోని పోయేదానికి కారెందుకు, గూడుబండి ఉండాది గదా. తీసెయ్," అందట. ఆ రోజు మడిచిన కాన్వాసు మళ్ళీ విప్పలేదు.

అటుపైన ఆ కారు బండి, పొలం పని లేని సోమవారాల్లోనే బయటికొచ్చేది. ఎడమ తలుపు గడియ నిలిచేది కాదు. మిస్త్రీ కొత్తది బిగిస్తానంటే ఆమె వద్దంది. తలుపుకు పగ్గం ముక్క కట్టించి, దారి పొడుగునా దాన్ని పట్టుకుని కూర్చునేది. "ఆయప్ప తోల్తాంటే నాకూ ఏమన్నా పని ఉండల్ల గదా," అనేది.

ఒక కోరికను ఎన్నేళ్ళయినా చెడిపోకుండా దాచుకోవచ్చని నేను ఆమె దగ్గరే చూశాను. అది నాకు చాలాసార్లు పనికొచ్చింది. ఆమె అంటే నాకు ఇష్టం.

కర్మ అయిపోయాక వచ్చిన సోమవారం, బళ్ళారి బస్సు కోసం ఊరి బయట నిలబడి ఉంటే చిన్నాయన కారు వచ్చింది. ఆగి ఎక్కించుకుంటాడేమో అనుకున్నాను. చెయ్యెత్తి, కాలువ గట్టు వైపు తిప్పుకుని పోయాడు. టాపు మడిచే ఉంది. ఎడమ తలుపు పగ్గం ఖాళీ సీటుకు బిగించి కట్టి ఉంది.